గరిటె వీపు, విమానం కడుపు

"తాతా, ఇంత పెద్ద విమానం నీళ్ళ మీద దిగితే మునిగిపోదా?"

మనవడు ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తెర మీద చైనావాళ్ళ ఏజీ600 విమానం. నాలుగు ఇంజన్లు, పడవలాంటి కడుపు, పక్కన ముడుచుకునే చక్రాలు. జలాశయం మీద పాలలాంటి నురగ చిమ్ముకుంటూ పోతోంది. వెనకనుంచి మనవరాలు కూడా తొంగి చూస్తోంది. వాళ్ళ పుస్తకంలో కప్ప గురించి చదివిన ఉభయచరం అన్న మాట ఇప్పుడు విమానానికి కూడా తగిలించేసరికి ఇద్దరికీ ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

మునగడానికి భయం లేదు బిడ్డలూ. తేలడం పడవలు వేల ఏళ్ళ కిందటే నేర్చుకున్నాయి. అసలు కష్టాలు రెండు వేరే ఉన్నాయి. పరుగున వచ్చి తాకినప్పుడు నీళ్ళు కొట్టే దెబ్బ ఒకటి. లేచిపోదామంటే వదలకుండా నీళ్ళు పట్టుకునే పట్టు ఇంకొకటి. ఇలాంటి విమానాన్ని గీసే ఇంజనీరుకు ఈ రెండింటితోనే పోరు.

దెబ్బ సంగతి నాకు పదేళ్ళప్పుడే తెలిసింది. మా ఊరి చెరువు కట్ట మీది నుంచి తల వంచి దూకాల్సినవాణ్ణి బోర్లా పడ్డాను. పొట్టంతా చింతబరికెతో కొట్టినట్టు ఎర్రగా కమిలింది. మెత్తగా ఉండే నీళ్ళు అంత గట్టిగా ఎట్లా కొట్టాయో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. మనముండే గుజరాత్‌లోని కడోదరాలో వాటర్‌జెట్ సాంచెలు, అంటే మరమగ్గాలు, చూశాక అర్థమైంది. పాత సాంచె మీద పేకను నాడె మోసుకుపోయేది. వాటర్‌జెట్‌లో నాడె లేదు. సన్నని నీటిధార బుల్లెట్‌లా దూసుకొచ్చి పేక పోగును పడుగు మధ్యలోంచి అవతలి కొసకు లాక్కుపోతుంది. బిందెలో ఉన్నప్పుడు చేతికి దారిచ్చే నీళ్ళే అవి. పక్కకు తప్పుకునే వ్యవధి ఉన్నంతసేపే నీరు మెత్తన. వ్యవధి లేకపోతే రాయితో సమానం.

ఎంత గట్టి అంటే, లెక్క చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే నీటికి ఒక చదునైన పలకను ఎదురు పెడితే దాని నడిమి మీద చదరపు మీటరుకు దాదాపు 39 టన్నుల ఒత్తిడి పడుతుంది. మన చార్‌రస్తాలో ఆగే ట్రైలర్ నిండా సరుకెక్కించి ఒక చాప మీద నిలబెట్టినట్టు అనుకోండి. వేగం 200 చేస్తే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, నాలుగింతలై 157 టన్నులు అవుతుంది. గాలికంటే నీళ్ళు 800 రెట్లు బరువైనవి. అందుకే గాల్లో హాయిగా సాగే వేగమే నీళ్ళ మీద ఎముకలు విరగ్గొడుతుంది.

అందువల్ల ఈ విమానాల అడుగు చదునుగా ఉండదు. నాగలి కర్రు తిరగేసినట్టు మధ్యలో కోసుగా, రెండు పక్కలా పైకి వాలుగా ఉంటుంది. నీళ్ళను ఒక్కసారిగా కొట్టకుండా చీల్చుకుంటూ దిగుతుంది. మరీ కోసుగా చేద్దామంటే అదీ కుదరదు. దెబ్బ తగ్గుతుంది కానీ విమానం నీళ్ళలోకి ఎక్కువ దిగబడి, పైకి లేవడానికి ఎక్కువ శక్తి కావాలి. ఆ వాలు ఎంత ఉండాలన్నదాని మీద ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కూర్చుంటారు.

ఇక పట్టు సంగతి. దీన్ని నోటితో చెప్పను. వంటింట్లోకి నడవండి.

మనవరాలి చేతికి స్టీలు గరిటె ఇచ్చాను. కాడ చివర రెండు వేళ్ళతో వదులుగా పట్టుకొమ్మని, కుళాయి సన్నగా తిప్పి, గరిటె వీపును ధార పక్కన నెమ్మదిగా ఆనించమన్నాను. ధార గరిటెను అవతలికి తోసేస్తుందని ఇద్దరూ అనుకున్నారు. ఆనీ ఆనగానే గరిటె ధారలోకే జరిగింది. పిల్ల పక్కకు లాగితే మళ్ళీ వచ్చి అతుక్కుంది. "ఎవరో గుంజుతున్నట్టే ఉంది తాతా!" అంది.

గుంజేది నీళ్ళే. ఒంపు తిరిగిన వీపును పట్టుకుని నీరు కూడా ఒంపు తిరుగుతుంది. అలా నీటిని గరిటె తన వైపు తిప్పుకున్నందుకు, నీరు గరిటెను తన వైపు లాగుతుంది. ఇప్పుడు ఆ గరిటె వీపు బదులు విమానం కడుపును ఊహించుకోండి. ముక్కు పైకెత్తి లేవాలంటే తోక వైపు అడుగు పైకి ఒంపు తిరిగి ఉండాలి కదా. ఆ ఒంపును పట్టుకుని నీళ్ళు తోకను కిందికి లాగుతాయి. ఇంజన్లు ఎంత మొత్తుకున్నా విమానం లేవదు.

మరి ఎట్లా? అగరుబత్తి పుల్ల ఒకటి విరిచి, గరిటె వీపు మధ్యలో అడ్డంగా పెట్టి దారంతో బిగించి కట్టాను. మళ్ళీ ధార కింద పెట్టించాను. ఈసారి నీళ్ళు పుల్ల దాకా వచ్చి అక్కడ తెగి ఎగిరి పడ్డాయి. పుల్ల కింద గరిటె వీపు దాదాపు పొడిగా ఉండిపోయింది. ఆ గుంజుడు కూడా పోయింది.

విమానానికి కూడా అదే వైద్యం. ఏ నీటి విమానం కడుపు చూసినా నడిమికి కాస్త వెనకగా, మన గడప మెట్టులాగా, ఒక్కసారిగా తెగిన అంచు కనిపిస్తుంది. దాని పేరే మెట్టు. వేగం పుంజుకున్నాక నీళ్ళు ఆ మెట్టు దగ్గర తెగిపోతాయి, వెనక గాలి దూరుతుంది, విమానం మెట్టుకు ముందున్న కొద్దిపాటి అడుగు మీదే జారుతూ పోతుంది. పైలట్లు దీన్ని మెట్టెక్కడం అంటారు. మెట్టెక్కకముందు మాత్రం గడ్డుకాలం. నీళ్ళను ముందుకు తోసుకుంటూ తన ముందు తానే పోసుకున్న గుట్టను ఎక్కుతున్నట్టు ఉంటుంది. చెరకు లోడు ట్రాక్టరు కాలువ వంతెన ఎత్తు ఎక్కేటప్పుడు ఎట్లా ఆయాసపడుతుందో చూశారుగా, అచ్చం అంతే. గుట్ట దాటాక హఠాత్తుగా తేలికవుతుంది. విచారమేమిటంటే, నీళ్ళ మీద ప్రాణం పోసే ఆ మెట్టు గాల్లోకి వెళ్ళాక ఒట్టి భారం. గాలిని చెదరగొట్టి ఇంధనం తినేస్తుంది. ముడుచుకునే చక్రాలదీ అదే కథ, నీళ్ళలో ఉన్నంతసేపూ మోత బరువే. కప్పకు అటు చేపంత ఈత రాదు, ఇటు కుందేలంత పరుగు రాదు. అయినా రెండు లోకాల్లో బతుకుతుంది. నాకు ఈ విమానాలంటే ఇష్టం అందుకే.

మన గుజరాత్‌లోనూ ఒకటి తిరిగింది. 2020 అక్టోబర్ 31న అహ్మదాబాద్ సబర్మతి తీరం నుంచి కేవడియాలోని పటేల్ విగ్రహం దగ్గరికి సీప్లేన్ మొదలైంది. మాల్దీవుల నుంచి తెచ్చిన ట్విన్ ఆటర్ అనే విమానం. కేవడియాలో అది దిగే చెరువులో మొసళ్ళుంటే అటవీశాఖవాళ్ళు బోన్లు పెట్టి పట్టి వేరేచోటికి తరలించారు. 2021 ఏప్రిల్‌లో ఆ సర్వీసు ఆగింది. మన తెలుగువాళ్ళ దగ్గర 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి కృష్ణమ్మ మీదుగా ప్రయోగాత్మకంగా ఎగిరిందీ ట్విన్ ఆటరే. కానీ ఇవి చిన్నవి. అయిదున్నర టన్నులకు కాస్త ఎక్కువ బరువు, దిగడానికి నదో చెరువో చాలు. మనవడు అడిగింది పెద్దవాటి గురించి.

పెద్దది చేయడంలో మెలిక ఎక్కడుందో అగ్గిపెట్టెలతో చూపించాను. ఒక అగ్గిపెట్టె నేల మీద పెట్టి, దీనికి పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెట్టింపున్న పెట్టె కట్టు అన్నాను. మనవడికి ఎనిమిది పెట్టెలు పట్టాయి. నేల మీద ఆక్రమించింది మాత్రం నాలుగింటి చోటే. విమానమూ అంతే. కొలతలన్నీ రెట్టింపు చేస్తే బరువు ఎనిమిదింతలు, మోసే రెక్కల వైశాల్యం నాలుగింతలు. రెక్కలోని ప్రతి చదరపు మీటరు మీదా రెట్టింపు బరువు. దాన్ని గాల్లో నిలపాలంటే వేగం 1.4 రెట్లు పెంచాలి. ఆ వేగంతో నీళ్ళను తాకితే ఇందాకటి లెక్క ప్రకారం దెబ్బ రెట్టింపు. పెద్దదిగా పుట్టినందుకే అది గట్టిగా దెబ్బ తినాలన్నమాట.

మరి చిన్నవే చాలు అనుకుందామా? సముద్రం ఒప్పుకోదు. మీటరు ఎత్తు అల చిన్న విమానానికి గోడ, పెద్దదానికి గతుకు. నడిసముద్రంలో మునిగిపోతున్నవాణ్ణి ఎత్తుకు రావాలంటే పెద్దదే కావాలి. అంటే పెద్దదై ఉండాలి, నెమ్మదిగానూ దిగాలి.

ఈ చిక్కుముడిని నాకు తెలిసినంతలో అందరికంటే బాగా విప్పింది జపాన్‌వాళ్ళు. శిజువో కికుహరా అని ఒక ఇంజనీరు ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే నీళ్ళ మీది విమానాలు గీసినవాడు. తుంపర ఎగిరి ప్రొపెల్లర్ల మీద పడకుండా కడుపు పక్కన కాలువలాంటి గాడి పెట్టి నీళ్ళను పక్కకు మళ్ళించాడు. తుంపరే కదా అనుకోకండి. గిర్రున తిరిగే ప్రొపెల్లర్‌కు నీటి బొట్టు గులకరాయిలా తగిలి అంచును తినేస్తుంది. ఆయన చేతిమీదుగా 1967లో ఎగిరిన పీఎస్-1 వంశంలోనిదే ఇప్పటి యూఎస్-2. బరువు 47 టన్నుల పైమాటే. దాంట్లో ఎగరడానికి నాలుగు ఇంజన్లు, వాటితోపాటు లోపల అయిదోది. ఆ అయిదోది గాలిని నొక్కి రెక్కల వెనకంచు మీదుగా ఊదుతుంది. ఆ ఊదుడు వల్ల గాలి రెక్కను విడవకుండా అతుక్కుని పారుతుంది. గరిటె గుర్తుందా? నీళ్ళు గరిటె వీపును పట్టుకున్నట్టే. కడుపు కింద ఏ అతుకుడును తెంచడానికి మెట్టు పెట్టారో, రెక్క మీద ఆ అతుకుడునే పనిగట్టుకుని పెంచారు. దాంతో అంత పెద్ద విమానం గంటకు 100 కిలోమీటర్ల దరిదాపు వేగంతో నీళ్ళను తాకగలుగుతుంది, మూడు మీటర్ల అలల్లోనూ దిగగలుగుతుంది. 2013 జూన్‌లో పసిఫిక్ మహాసముద్రంలో తీరానికి 1000 కిలోమీటర్లకు పైగా దూరాన పడవ మునిగి ఇద్దరు రబ్బరు తెప్ప మీద ఉంటే, అలల్లో దిగి ఎత్తుకొచ్చింది ఈ విమానమే. వాళ్ళలో ఒకాయనకు కళ్ళు కనిపించవు. మన నౌకాదళానికి ఈ విమానం కొనాలని ఏళ్ళ తరబడి మాటలు నడిచాయి కానీ కొనుగోలు కుదరలేదు.

అంత గొప్పదానికీ ముప్పు తప్పలేదు. 2015 ఏప్రిల్ 28న జపాన్‌లో అషిజురి అనే భూశిరం దగ్గర శిక్షణలో నీళ్ళ మీది నుంచి లేవబోతూ ఒక యూఎస్-2 దెబ్బ తిన్నది. ఒక ఇంజను ఊడింది, రెక్క కింది తేలుడుబుర్ర ఊడింది, ముక్కులోకి నీళ్ళు చేరాయి. లోపల 19 మంది. అందరూ బతికారు, అది పెద్ద అదృష్టం. ఆ తేలుడుబుర్ర ఎందుకంటే, కడుపు సన్నగా, రెక్కలూ ఇంజన్లూ పైన ఉండడంతో ఈ విమానాలు నీళ్ళ మీద ఒరిగిపోతాయి. రెండు రెక్కల కిందా చెరో చిన్న బుర్ర ఆనించి నిలబెడతారు. అదొకటి పోతే ఆ వైపు రెక్క నీళ్ళలో మునుగుతుంది.

ఇంకో ముప్పు బరువు సర్దుబాటులో ఉంది. హోవార్డ్ హ్యూస్ అని అమెరికాలో ఒక కోటీశ్వరుడు, విమానాల పిచ్చి ఉన్నవాడు. 1943 మే నెలలో నెవాడా దగ్గర లేక్ మీడ్ జలాశయంలో సికోర్‌స్కీ ఎస్-43 అనే ఉభయచర విమానాన్ని పరీక్షగా దించాడు. బరువు ఉండాల్సిన చోటికంటే ముందుకు ఉంది. గాల్లో ఆ సంగతి అంతగా బయటపడలేదు. నీళ్ళు తాకగానే ముక్కు దిగబడి విమానం గిర్రున తిరిగి విరిగింది. ఇద్దరు చనిపోయారు, హ్యూస్ బతికాడు. ఆ మనిషే 1947 నవంబర్ 2న 97 మీటర్ల రెక్కలున్న కొయ్య విమానాన్ని లాంగ్‌బీచ్ రేవులో నీళ్ళ మీది నుంచి లేపాడు. దాదాపు 20 మీటర్ల ఎత్తున మైలు దూరం పోయింది. మళ్ళీ ఎన్నడూ ఎగరలేదు.

బరువు మాట వచ్చింది కాబట్టి అడవి మంటలార్పే కెనడా విమానం సీఎల్-415 గురించి కూడా చెప్పాలి. అది ఆగదు. చెరువు మీద జారుతూ కడుపు కింది చిన్న మూతి తెరిచి 12 సెకన్లలో 6137 లీటర్లు మింగి లేస్తుంది. మన మిల్లులకు వచ్చే ఒక ట్యాంకరు నీళ్ళు, మీరు షర్టు గుండీలు పెట్టుకునేలోపు. క్షణానికి అర టన్ను బరువు ఎక్కుతుంటే పైలట్ ముక్కును ఒకే కోణంలో పట్టాలి. ఎక్కువ ఎత్తినా తక్కువ ఎత్తినా విమానం గెంతడం మొదలుపెడుతుంది. ఒక్కో గెంతూ ముందుదానికంటే పెద్దది. మూడో నాలుగో గెంతుకు ముక్కు గుచ్చుకుంటుంది. చెరువులో పెంకు విసిరితే గెంతులేస్తుంది చూడండి, అదే ఆట, ప్రాణాలతో. 2004లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఆ పెంకు ఆటనే ప్రయోగశాలలో కొలిచి, నీటికి 20 డిగ్రీల వాలులో ఉన్న పెంకు బాగా గెంతుతుందని తేల్చారు. పెంకు గెంతితే మనకు సంతోషం. విమానం గెంతకుండా ఉండే కోణం ఏదో తెలియడానికి మాత్రం చిన్న నమూనాలను పొడవాటి నీటి తొట్లలో లాగి చూస్తారు. మన విశాఖపట్నంలో నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవున్న అలాంటి తొట్టి ఉంది. అందులో ఓడల నమూనాలను పరీక్షిస్తారు.

మనవడికి అన్నిటికంటే వింతగా తోచింది చక్రాల సంగతి. నేల మీద చక్రాలు మరిచి దిగితే కడుపు గీసుకుపోతుంది, చాలాసార్లు జనం బతుకుతారు. నీళ్ళ మీద చక్రాలు బయటపెట్టి దిగితే అవి నీళ్ళలో గుచ్చుకుని విమానం క్షణంలో పల్టీ కొడుతుంది. లోపలివాళ్ళు తలకిందులుగా, నీళ్ళలో, బెల్టులతో వేలాడుతూ ఉంటారు. రెండు చోట్లా దిగగలగడమే ఆ విమానం గొప్ప, దాని ప్రమాదమూ అక్కడే. అందుకే పైలట్లు దిగే ముందు ప్రతిసారీ పైకి వినపడేలా చెప్పుకుంటారు: ఇది నీళ్ళ మీద దిగడం, చక్రాలు పైన ఉన్నాయి. ఒక్కడే ఉన్నా సరే, గట్టిగా చెప్పుకుంటారు. మీ నానమ్మ పడుకునే ముందు "గ్యాస్ కట్టేశాను" అని పైకి అంటుంది కదా. నేను దాన్ని చాదస్తం అని ఎన్నడూ అనుకోలేదు.

ఈ తిప్పలన్నీ పడుతూనే ఒకప్పుడు ఇవి మన దేశం మీదుగా మామూలు సర్వీసులు నడిపాయి. చక్రాలు లేని, నీళ్ళ మీదే బతికే షార్ట్ ఎంపైర్ విమానాలు. 1930ల చివర్లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుంచి వచ్చి కరాచీ, రాజస్థాన్‌లో రాజసమంద్ చెరువు, గ్వాలియర్, అలహాబాద్, కలకత్తా మీదుగా తూర్పుకు పోయేవి. 1939 జూన్ 12న సెంచూరియన్ అనే విమానం కలకత్తా దగ్గర హుగ్లీ నదిలో దిగుతూ ప్రమాదానికి గురై మునిగిపోయింది. తరవాత యుద్ధం కోసం ప్రపంచమంతా పొడవాటి కాంక్రీటు రన్‌వేలు వేశారు. నీళ్ళతో పోరాడాల్సిన అవసరం తప్పింది. పెద్ద నీటి విమానాలు మంటలార్పడానికి, సముద్రంలో మనుషుల్ని కాపాడడానికి మిగిలాయి.

సాయంత్రం ముగ్గురం చెరకు తోటల వైపు, కాలువ గట్టు మీదికి నడిచాం. గాలి లేదు. నీళ్ళు అద్దం పరిచినట్టున్నాయి. "ఇట్లాంటి నీళ్ళ మీద దిగడం సులువు కదా తాతా?" అన్నాడు మనవడు.

పైలట్లు ఎక్కువ భయపడే నీళ్ళలో ఇవి కూడా ఉన్నాయి రా. పెద్ద అల కనిపిస్తుంది, దాని వరస చూసుకుని అడ్డం పోకుండా దాని వెంట దిగుతారు. అద్దంలాంటి నీళ్ళలో పైన ఆకాశం, కింద ఆకాశం. నీళ్ళు ఇరవై మీటర్ల కింద ఉన్నాయో, రెండు మీటర్ల కింద ఉన్నాయో కంటికి తెలియదు. ఇంకా ఎత్తున ఉన్నాననుకుని గుద్దుకున్నవాళ్ళున్నారు, తాకబోతున్నాననుకుని గాల్లోనే వేగం తగ్గించి రాయిలా పడ్డవాళ్ళున్నారు. అందుకని అలాంటి చోట కళ్ళను నమ్మరు. ఒడ్డుకు దగ్గరగా వచ్చి, చెట్లూ గడ్డీ చూసి ఎత్తు పోల్చుకుంటారు. ఆ తరవాత ముక్కు కొంచెం ఎత్తి, ఇంజను కొంచెం పలుకుతుండగా, బహు నెమ్మదిగా, ఒకే తీరుగా దిగుతూనే ఉంటారు. నీళ్ళు వాటంతట అవే వచ్చి తగిలేదాకా ఏమీ మార్చరు. దానికి చాలా ఓపిక కావాలి, చాలా పొడవైన నీళ్ళు కావాలి.

మనవరాలు వింటూనే గట్టు మీద చదునైన పెంకు ఒకటి వెతికి పట్టుకుంది. విసరబోయి ఆగింది. కింది నుంచి మట్టిబెడ్డ ఒకటి తీసి ముందు దాన్ని కాలువలో వేసింది. అలలు గుండ్రంగా విచ్చుకుని అవతలి గట్టు దాకా పోయాయి.

"ఇప్పుడు తెలుస్తోంది తాతా, నీళ్ళెక్కడున్నాయో," అని పెంకు విసిరింది.